పుంజు చరిత్ర అందరికీ తెలుసు, పొదిగిన పెట్ట సంగతేంటి?

కొంచెం పెద్ద పోస్ట్ ఇది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

డిగ్రీలో మాకు పల్నాటి యుద్ధం పాఠం ఉండేది. 12వ శతాబ్దం, ఒక పక్క నాయకురాలు నాగమ్మ, ఇంకో పక్క బ్రహ్మనాయుడు, మధ్యలో కోడిపందెం, ఓడినవాళ్ళు రాజ్యం వదిలి అడవి పట్టడం. కథ మీకందరికీ తెలిసిందే. సెలవులకి ఊరికి పోయినప్పుడు రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని అదంతా మా అమ్మమ్మకి చెప్పాను. ఓపిగ్గా విన్నది. చివర్లో ఒక్కటే అడిగింది: "సరేగానీ, ఆ పుంజుని పొదిగిన పెట్ట ఎవరింటిదంట?"

నేను నవ్వేశాను. కానీ పరీక్షలో రాసిన జవాబులన్నీ మర్చిపోయినా ఆ ప్రశ్న మాత్రం పోలేదు. పుంజుకి చరిత్ర ఉంది. దాని రంగులకి పేర్లున్నాయి, కాకి, డేగ, నెమలి, సవల అని. ఏ రోజు ఏ రంగు గెలుస్తదో చెప్పే కుక్కుట శాస్త్రం ఉంది. సంక్రాంతికి టీవీల్లో లైవ్ కూడా ఉంది. ఇరవై ఒక్క రోజులు తిండీ నీళ్ళూ సగం మానేసి గుడ్ల మీద కూర్చున్న పెట్టకి మాత్రం ఒక్క లైను లేదు. మన తెగల మీద రాసిన పాత పుస్తకాలు కూడా నేను చదివినంతలో అంతే. కోడి కనిపించేది ఎక్కువగా బలి దగ్గరే. చేతిలో గింజలు పెట్టి పొడిపించి, అది పొడిస్తే దేవత ఒప్పుకున్నట్టు అనేదాకా వివరంగా రాస్తారు. ఆ కోడి అక్కడిదాకా ఎట్లా బతికి వచ్చిందో, ఎవరు బతికించారో రాయరు. ఎందుకంటే అది ఆడవాళ్ళ పని, ఇంటి వెనకాల పని.

అందుకే ఈ పోస్ట్ పెట్ట గురించి. అందులోనూ ఒక్క పని గురించి. పొదుగుకి కూర్చున్న కోడి చేత తనవి కాని పిల్లల్ని ఎత్తుకునేట్టు చేయడం. చూడ్డానికి చిన్న విద్యే. కోళ్ళ విత్తనం ఇన్ని తరాలు మన చేతుల్లో ఉన్నదంటే ఇలాంటి విద్యల వల్లే అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు మా ఇంట్లో జరిగింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఊళ్ళో ఒక పథకం కింద ఇంటికి ఇరవై కోడిపిల్లలు ఇచ్చారు. గుడ్డు పగిలి ఒక్కరోజు దాటిన పిల్లలు. చిల్లులున్న అట్టపెట్టెల్లో జీపులో వచ్చాయి. వచ్చింది ఎప్పుడు? నడి వానాకాలంలో. బల్బు పెట్టి వెచ్చగా ఉంచమని చెప్పి సంతకాలు పెట్టించుకుని పోయారు. ఆ సాయంత్రమే గాలివానకి కరెంటు పోయింది. మా దగ్గర వానల్లో కరెంటు పోతే రెండు మూడు రోజులు చూసుకోనక్కర్లేదు. చీకటి పడేసరికి మా పెట్టెలో నాలుగు పిల్లలు చచ్చాయి. మిగతావి ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి.

ఇంట్లో అప్పుడు రెండు కోళ్ళు పొదుగు మీద ఉన్నాయి. నల్ల పెట్ట పదకొండు గుడ్ల మీద కూర్చుని పదిహేడు రోజులు. ఎర్ర పెట్ట పన్నెండు గుడ్ల మీద ఎనిమిది రోజులు. మీలో కోళ్ళున్న ఇంటి వాళ్ళకి ఇక్కడి చిక్కు ఈపాటికే అర్థమై ఉంటది. నల్లది పిల్లల్ని ఎత్తుకునే తరుణంలో ఉంది, కానీ దాని గుడ్లు తీసేస్తే ఇంకో నాలుగు రోజుల్లో లేచే మన సొంత పిల్లలు పోతాయి. ఎర్రదానికి పిల్లల్ని ఇద్దామంటే అది ఇంకా సగం కూడా కూర్చోలేదు, ఒప్పుకుంటదో లేదో నమ్మకం లేదు. పైగా ఎర్ర పెట్ట మాది కాదు. పక్కింటి అత్తది. వాటాకి తెచ్చుకున్నాం. కోడి ఆమెది, సాకేది మేము, లేచిన పిల్లల్లో చెరి సగం.

అమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గోనెపట్టా కప్పుకుని వానలో అత్త ఇంటికి పోయింది. నేను వెనకాలే లాంతరు పట్టుకుని.

"ఎర్రదాని గుడ్లు తీసేస్తనే. నల్లదాని గుడ్లు దాని కింద పెడత."

"నా పన్నెండు పోతయిగా అత్తా."

"పోతయి. సర్కారు పిల్లల్ల బతికినయి నీకు సగం."

అత్త కాసేపు ఆలోచించింది. "బతక్కపోతే?"

"బతక్కపోతే నా నల్లదాని పిల్లల్ల నీకు సగం."

అంతే. కాగితం లేదు, సంతకం లేదు. అమ్మమ్మ తన పదకొండు గుడ్లని పూచీ పెట్టింది.

ఆ రాత్రి దీపం దూరంగా పెట్టించింది. ముందు ఎర్ర పెట్ట కింద నుంచి దాని గుడ్లు ఒక్కొక్కటే తీసి, నల్లదాని గుడ్లు ఒక్కొక్కటే లోపలికి తోసింది. ఎనిమిది రోజుల గుడ్లు కదా, అప్పటికే లోపల ప్రాణం పట్టి ఉంటది. వాటిని తట్టలో వేసి బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. తర్వాత నల్ల పెట్ట. రెండు గుడ్లు దాని కిందే ఉంచి, చేతుల్లో కాచి వెచ్చబెట్టిన పిల్లని వెనక వైపు నుంచి రెక్క కిందికి నెట్టింది. పెట్ట గుర్రుమన్నది. కాసేపు ఆగి ఇంకోటి. అలా పదహారూ పెట్టాక చివర్లో ఆ రెండు గుడ్లు కూడా తీసి ఎర్రదానికిచ్చింది. మొత్తం ఒక గంట పట్టింది. లోపల అరుపులు మెల్లగా తగ్గి, వెచ్చబడ్డాక పిల్లలు చేసే ఆ సన్నటి శబ్దం మొదలైంది. కొద్దిసేపటికి పెట్ట గొంతు మారింది. గుర్రు పోయి కొక్‌కొక్ అని లోగొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఇగ పండుకో పో, ఎత్తుకుంది" అన్నది అమ్మమ్మ.

పొద్దున్నే లేచి గంప ఎత్తితే పదహారు తలకాయలు నల్ల ఈకల్లోంచి బయటికి చూస్తున్నాయి.

ఇప్పుడు చరిత్రకి వస్తాను. పీజీలో చేరాక లైబ్రరీలో వేరే దేనికోసమో వెతుకుతుంటే కొలుమెల్లా అనే రోమన్ రచయిత వ్యవసాయ గ్రంథం అనువాదం దొరికింది. క్రీస్తు శకం 1వ శతాబ్దం మనిషి. అందులో కోళ్ళ భాగం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, అబద్ధం కాదు. రెండు మూడు కోళ్ళ కింద లేచిన పిల్లల్ని వాటిలో బాగా సాకే ఒక్క కోడికి అప్పజెప్పవచ్చు, కానీ మొదటి రోజే చేయాలి, తన పిల్లలేవో పరాయివేవో పోల్చుకోలేని దశలోనే చేయాలి అంటాడు. ఒక కోడికి ముప్పై పిల్లలు మించకూడదు అంటాడు. గుడ్లు బేసి సంఖ్యలో పెట్టాలి అని కూడా రాశాడు. మా అమ్మమ్మ కూడా బేసే పెడతది. తొమ్మిది, పదకొండు, పదమూడు. ఎందుకే అంటే మా అమ్మ పెట్టేది అంటది. రెండు వేల సంవత్సరాల కింద రోమ్‌లో ఒక భూస్వామి లాటిన్‌లో రాస్తే అది గ్రంథం అయింది. మనోళ్ళు రాయకుండా చేస్తే అది అలవాటు అయింది.

ఇందులో అసలు లెక్క ఏంటంటే, పరాయి పిల్లల్ని అంటగట్టడం జాలి కొద్దీ చేసే పని మాత్రమే కాదు. నాటు పెట్ట ఒక విడతకి పన్నెండు పదిహేను గుడ్లు పెడుతుంది. తర్వాత ఇరవై ఒక్క రోజులు పొదుగు. తర్వాత రెండు నెలలు పిల్లల వెంట తిరుగుడు. ఈ రోజుల్లో గుడ్డు లేదు. అందుకే నాటు కోడి ఏడాదికి అరవై గుడ్లు దాటడం కష్టం. కాబట్టి తెలివైన ఆడమనిషి ఏం చేస్తది? రెండు కోళ్ళని ఒకే రోజు పొదుగేస్తది. పిల్లలు లేవగానే అన్నీ ఒకదానికి ఇచ్చేస్తది. రెండోదాన్ని తట్ట కింద మూసో, నీళ్ళలో ముంచి తీసో, కొంతమంది ముక్కులో ఈక దూర్చో దాని పొదుగు యావ పోగొడతారు. (ఈక పద్ధతి నాకు నచ్చదు.) అది కొద్దిరోజులకే మళ్ళీ గుడ్డుకొస్తది. ఒక తల్లి సాకుడు పనితో రెండు సంసారాలు. కొలుమెల్లా రాసింది కూడా ఈ లెక్కే, కాకపోతే ఆయనకి వందల కోళ్ళు, మనకి రెండు.

పరాయి తల్లి సంగతులు ఇంకా పాతవి ఉన్నాయి. పెట్ట చచ్చిపోతే పుంజే కూత మానేసి పిల్లల్ని వెంటేసుకు తిరిగిన సంగతి అరిస్టాటిల్ రాశాడు. కోడి పొదిగిన బాతు పిల్లలు నీళ్ళలోకి దిగితే ఒడ్డున తల్లి ఎట్లా గోల పెడతదో ప్లినీ రాశాడు. యూరప్‌లో ఇంకో వింత పద్ధతి ఉండేది. విత్తులు తీసిన పుంజు రొమ్ము మీద ఈకలు పీకి, దురదగొండిలాంటి ఆకు రుద్ది, సారాయిలో నానబెట్టిన రొట్టె తినిపించి రాత్రిపూట దాని కింద పిల్లల్ని పెట్టేవాళ్ళు. మంటకి పిల్లల మెత్తదనం హాయిగా తగిలి అది వాటిని వదలదని వాళ్ళ నమ్మకం. ఇంగ్లండ్‌లో జమీందార్ల వేటకి కావలసిన ఫెజెంట్ పక్షుల్ని వేలకి వేలు పొదిగించింది కూడా పల్లెల్లో కొనుక్కొచ్చిన పొదుగు కోళ్ళ చేతే. తుపాకీ పట్టింది దొర, కూర్చున్నది మాత్రం ఏ కూలివాడి ఇంటి కోడో.

మన దగ్గర అడవి కోడి గుడ్లు దొరికితే ఇంటి కోడి కింద పెట్టేవాళ్ళు. మా తాత ఒకసారి తెచ్చాడట. అన్నీ లేచాయి, పెట్ట ఎత్తుకుంది, నాలుగో రోజుకి ఒక్కటీ లేదు, పొదల్లో కలిసిపోయాయి. తల్లి ఒప్పుకున్నా పిల్లలు ఒప్పుకోలేదు అని అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతది. (ఇప్పుడు ఆ పని చేయకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పక్షి గుడ్లు ముట్టుకున్నా కేసే.)

ఈ మాటలో సైన్స్ ఉంది. 1873లో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆయన కోడిపిల్లల కళ్ళకి గంతలు కట్టి వేర్వేరు రోజుల్లో విప్పి చూశాడు. తొందరగా విప్పినవి ఆయన వెంటే నడిచాయి. దాదాపు నాలుగు రోజులకి విప్పినవి ఆయన్ని చూసి భయంతో పారిపోయాయి. తర్వాత 1935లో లోరెంజ్ బాతుల జాతి పక్షుల మీద దీన్నే విస్తారంగా రాశాడు, పేరు ఆయనకొచ్చింది. అంటే పరాయి తల్లి కుదరాలంటే రెండు తాళాలు ఒకేసారి తెరుచుకోవాలి. పెట్ట పొదుగు చివర్లో ఉండాలి, పిల్ల రెండు మూడు రోజులు దాటకూడదు. పెట్ట వైపు సంగతి 1930లలో అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం తేల్చింది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కిస్తే గుడ్లు పెడుతున్న కోడి కూడా పొదుగుకి కూర్చుంది. పాలిచ్చే తల్లుల్లో పాలు పట్టించేది కూడా అదే హార్మోన్. ఈ ముక్క చెప్తే అమ్మమ్మ, "పాలు లేకున్నా తల్లి తల్లే గదే" అన్నది.

రాత్రే ఎందుకు అంటే కోడికి చీకట్లో చూపు ఆనదు. తన కింద ఉన్నది గుడ్డో పిల్లో, నల్లదో తెల్లదో అది రొమ్ముకి తగిలిన వెచ్చదనంతోనే తెలుసుకుంటది. తెల్లారి చూసేసరికి ఆ గొంతులు దానికి పాతవైపోతాయి. అప్పటికే వేరే పిల్లలతో రెండు మూడు రోజులు తిరిగిన కోడికి మాత్రం కొత్త రంగు పిల్లని ఇస్తే పొడిచి చంపేస్తది. చూసి ఉంటారు.

ఇక్కడిదాకా చరిత్రంతా కోడిని తల్లిగా చూసిన చరిత్ర. తల్లి లేకుండా పిల్లల్ని లేపాలన్న ఆలోచన కూడా పాతదే. ఈజిప్టులో మట్టి పొయ్యి గదుల్లో వేల గుడ్లు ఒకేసారి పొదిగించేవాళ్ళు. థర్మామీటర్ లేని కాలం, గుడ్డు తీసి కంటి రెప్పకి ఆనించుకుని వేడి చూసేవాళ్ళు. 1749లో ఫ్రాన్స్‌లో రియోమూర్ ఆ విద్య మీద పుస్తకమే రాశాడు. అయినా వందేళ్ళ పైన అది వింతగానే ఉండిపోయింది. 1879లో కాలిఫోర్నియాలోని పెటలుమా అనే ఊళ్ళో లైమన్ బైస్, ఐజాక్ డయాస్ తయారుచేసిన ఇంక్యుబేటర్‌తో కథ మారింది. గుడ్డులోని పచ్చసొన పిల్ల కడుపులోకి పోయి రెండు మూడు రోజులు దాన్ని బతికిస్తది కాబట్టి, 1892 నాటికి ఒకరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి రైళ్ళలో పంపడం మొదలైంది. 1918 నుంచి అమెరికా పోస్టాఫీసు పార్సిల్‌గా తీసుకుంది. మా ఊరికొచ్చిన చిల్లుల అట్టపెట్టె ముత్తాత అదే అన్నమాట. ఆ పచ్చసొన అసలు ఎందుకుందో ఆలోచించండి. అన్ని గుడ్లూ ఒకే గంటకి పగలవు, చివరి పిల్ల లేచేదాకా తల్లి కదలదు కాబట్టి ముందు లేచినవి ఆకలికి చావకుండా ప్రకృతి ఇచ్చిన సద్దిమూట. తల్లి ఓపిక కోసం ఇచ్చిన దాన్ని తల్లినే తీసేయడానికి వాడుకున్నారు.

మెషిన్ వచ్చాక కోడి కూర్చోవడం నష్టం అయింది. అప్పటికే యూరప్, అమెరికా పుస్తకాలు కోళ్ళని పొదిగేవి, పొదగనివి అని రెండు రకాలుగా రాసేవి. ఇటలీ నుంచి వచ్చిన లెగ్‌హార్న్ పొదగని రకం. పొదుగుకొచ్చే పెట్టల్ని ఏరి తీసేస్తూ, రానివాటికే సంతానం కట్టిస్తూ పోయారు. మనం ఈరోజు దుకాణంలో కొనే తెల్ల గుడ్డు, తల్లికావాలన్న కోరికని తరతరాలుగా ఏరిపారేసిన కోడి పెట్టింది.

మన దగ్గరికి ఇది 20వ శతాబ్దం రెండో సగంలో గట్టిగా వచ్చింది. 1971లో హైదరాబాద్‌లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. తెలుగు నేల దేశానికి కోళ్ళ పరిశ్రమ నేర్పింది అంటే అతిశయోక్తి కాదు. రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ళ పరిశోధన సంస్థ తర్వాత పెరటికి పనికొచ్చేట్టు వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. వీటిని తిట్టడానికి నేను ఈ పోస్ట్ రాయట్లేదు. గ్రామప్రియ నాటు కోడికి రెట్టింపు పైనే గుడ్లు పెడుతుంది, వనరాజా తొందరగా బరువొస్తది, రంగు రంగుల ఈకలతో గద్దకి అంత తేలిగ్గా కనపడదు. పిల్లలకి గుడ్డు దొరకడం చిన్న విషయం కాదు, హాస్టల్ తిండి తిన్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా బాధ ఒక్కచోటే. ఈ పెట్టలు పొదుగుకి కూర్చోవడం అరుదు. అంటే ఆ తరం అయిపోతే మళ్ళీ జీపు రావాల్సిందే. ఇంకోటి, ఒకరోజు పిల్లలకి మొదటి అయిదారు వారాలు వెచ్చటి గదిలో నర్సరీ కావాలని ఆ రకాల్ని చేసినవాళ్ళే చెప్తారు. కరెంటు నిలవని ఊళ్ళలో ఆ నర్సరీ ఏది? అటు కోళ్ళ గంప కిందే ఉంది, ఈకలతో. దాన్ని ఎవరూ పథకంలో రాయలేదు.

రాసినవాళ్ళు, పనిచేసినవాళ్ళు లేకపోలేదు. 1990ల నుంచి తూర్పు గోదావరి ఏజెన్సీలో అంత్ర అనే పశువైద్యుల సంస్థ, యక్షి అనే సంస్థతో కలిసి ఆదివాసీ ఆడవాళ్ళ దగ్గర అసీల్ కోళ్ళ మీద పనిచేసింది. అసీల్ అంటే అందరికీ పందెమే గుర్తొస్తది. కానీ అసీల్ పెట్ట పొదుగులోనూ పిల్లల్ని కాయడంలోనూ గట్టిది, పాముకి కూడా ఎదురు తిరుగుతది. వాళ్ళు కొత్త జాతి తేలేదు. కొక్కెర తెగులు టీకా వేయడం ఊరి ఆడవాళ్ళకే నేర్పించారు, కోడిని వాటాకిచ్చే మన పాత పద్ధతితోనే లేని ఇళ్ళకి పెట్టల్ని చేర్చారు. మా అమ్మమ్మ, అత్త వానలో మాట్లాడుకున్నది ఏ పద్ధతో అది.

కొక్కెర తెగులు గురించి ఒక మాట. ఇంగ్లీషులో దీనికి రాణిఖేత్ అని పేరు. 1926లో జావాలో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో బయటపడింది. ఆ వెంటనే మన దేశంలో కుమావు కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి ఆ పేరు. తెగులు గుడ్డుని, పిల్లని, పెట్టని వేరుగా చూడదు, ఊరికి ఊరు ఊడ్చేస్తది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాల కోళ్ళతో పాటు చుట్టుపక్కల ఊళ్ళ పెరటి కోళ్ళని కూడా చంపారు. అది ఆదివాసీ ప్రాంతం. రోగం ఆపాలంటే తప్పదు, ఒప్పుకుంటా. కానీ నష్టపరిహారం లెక్కలో కోడికి తలకింత అని కడతారు. ఫారం కోడి పోతే హేచరీ నుంచి కొత్త బ్యాచ్ వస్తది. పొదుగు మీదున్న నాటు పెట్ట పోతే దాని కింది గుడ్లు, దాని తర్వాతి తరం, దాన్ని వాటాకిచ్చిన ఇంటితో ఉన్న మాట, అన్నీ పోతాయి. అది ఏ కాలమ్‌లో రాస్తారు?

మా ఇంటి సంగతి మధ్యలో వదిలేశాను. ఎర్ర పెట్ట కింద పెట్టిన పదకొండు గుడ్లలో నాలుగో రోజుకి తొమ్మిది లేచాయి, రెండు మురిగాయి. పన్నెండు రోజులకే పిల్లలొచ్చాయని అది ఏమీ అనుమానపడలేదు పాపం. నల్లది ఎత్తుకున్న పదహారులో బలహీనంగా ఉన్న రెండు చచ్చాయి, ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది, రెండు ముంగిసకి. దసరాకి పదకొండు మిగిలాయి. అమ్మమ్మ రోజూ పుట్ట తవ్వి చెదలు తెచ్చి వేసేది, నూకలు కూడా. బల్బుల మీద నమ్మకం పెట్టుకున్న ఇళ్ళలో ఒకటీ రెండూ తప్ప మిగల్లేదు. పదకొండులో సగం అంటే అయిదున్నర. అత్తకి ఆరు ఇచ్చింది అమ్మమ్మ.

ఆ పథకం పెట్టలు పెద్దవై గుడ్లు బాగా పెట్టాయి, రెండు ఇళ్ళలోనూ. ఆ ఏడు మేము గుడ్లు తిన్నన్ని ఎప్పుడూ తినలేదు. వాటి గుడ్లు కూడా నల్ల పెట్టే పొదిగింది. తర్వాతి ఎండాకాలం కొక్కెర తెగులొచ్చింది. టీకా మా ఊరిదాకా రాలేదు. నల్లది పోయింది, ఎర్రది పోయింది, అత్త వాళ్ళవి మొత్తం పోయాయి. మాకు మూడు పథకం పెట్టలు, ఒక నాటు పుంజు మిగిలాయి. పెట్టలు తెగులు నుంచి తేరుకుని మళ్ళీ గుడ్డుకొచ్చాయి. గంపలో ఇరవై గుడ్లు పోగయ్యాయి. పొదగడానికి ఎవరూ లేరు. మూడూ గుడ్డు పెట్టి లేచి దులుపుకుని పోతాయి. అమ్మమ్మ గుడ్లు గంపలోనే ఉంచి, గడ్డి వేసి, మూడు రోజులు వాటిని అక్కడే మూసి చూసింది. లాభం లేదు.

వాగు అవతలి ఊళ్ళో మా చిన్నమ్మమ్మ వాళ్ళకి తెగులు తగల్లేదని తెలిసింది. నేను, అమ్మమ్మ ఖాళీ గంప పట్టుకుని నడుచుకుంటూ పోయాం. నాలుగు గంటలు. ఆమె దగ్గర ఒక పొట్టి బూడిద పెట్ట అప్పుడే పొదుగుకొచ్చింది, ముట్టుకుంటే ఉబ్బి గుర్రుమంటోంది. "తీస్కపో అక్కా, పిల్లల్ల సగం" అన్నది చిన్నమ్మమ్మ. అమ్మమ్మ దాని రొమ్ము కింద చెయ్యి పెట్టి వేడి చూసి, తన చీర కొంగు చింపి గంప మీద కట్టింది. వచ్చేటప్పుడు దారంతా గంప తనే మోసింది, నాకివ్వలేదు.